షిఫ్టు మారే వేళ: కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర కార్మిక శాఖ కమిషనర్ గారికి,



మా సిరిసిల్ల నుంచి మీకు వచ్చే అర్జీలన్నీ కూలి రేట్ల మీద, బోనస్ మీద, బకాయిల మీద ఉంటాయి. ఈ ఉత్తరం మాత్రం నిద్ర మీద. నిద్ర కూడా కార్మిక శాఖ చూడాల్సిన సంగతేనా అని మీ పేషీలో ఎవరికైనా నవ్వొస్తే నవ్వనివ్వండి. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) కాడ, కోరుట్లలో బీడీల చాట ముందు, జగిత్యాల నుంచి గల్ఫ్ పోయినవాళ్ల రూముల్లో రోజూ అయ్యే కొట్లాటల్లో చాలావాటికి కారణం ఎవరి గుణమో కాదు, నిద్ర లేకపోవడమని నా నమ్మకం. ఆ నిద్ర ఎటు పోతోందో వెతికితే మీ శాఖ గుమ్మం దాకా వస్తుంది. అందుకే మీకు రాస్తున్నాను.

మా ఊళ్లో చాలా కార్ఖానాల్లో ఇప్పటికీ రోజుకు రెండే షిఫ్టులు, ఒక్కోటి పన్నెండు గంటలు. పొద్దున ఒకరు దిగుతారు, ఇంకొకరు ఎక్కుతారు. బీవై నగర్‌లోనో, సుందరయ్య నగర్‌లోనో ఆ వేళకు ఒకసారి నిలబడి చూడండి. రాత్రి దిగిన బట్టను సాంచాల యజమాని ఆసామి వెలుతురుకు పట్టి చూస్తుంటాడు. బట్ట పొడుగునా సన్నటి గీత కనిపిస్తుంది. పడుగులో ఒక పోగు తెగింది, అది ఎవరి కంటా పడలేదు, సాంచా అలాగే నడిచింది. పోగు తెగగానే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పాత సాంచాలకు ఉండదు. మనిషి కన్నే పట్టుకోవాలి. ఒక్క మనిషి చేతిలో ఎనిమిదో, ఇంకా ఎక్కువో సాంచాలు. ఒకదాంట్లో కండె అయిపోతుంది, దాన్ని తీసి నాడెలో కొత్త కండె పెట్టేలోపు పక్కదాంట్లో అయిపోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఇన్నింటి మధ్య తిరిగే మనిషి, వెంట్రుకంత పోగును చూడలేకపోయాడు.

"రాత్రంత ఏం జేసినవ్, పండుకున్నవా?" అంటాడు ఆసామి.

"పండుకుంటే ఇన్ని మీటర్లు ఎట్ల దిగుతయన్నా?"

అక్కడి నుంచి మాట పెరుగుతుంది. డ్యామేజీ కింద కూలిలో ఎంత కోయాలన్న లెక్క మొదలవుతుంది. పగటి షిఫ్టుకు వచ్చినవాడు కూడా నోరు కలుపుతాడు, కండెలు నింపిపెట్టలేదనో, సాంచా కింద దుమ్ము ఊడవలేదనో. సాంచాలు ఆగవు కాబట్టి ఆ మోతలో ఎవరి మాటైనా అరిస్తేనే వినపడుతుంది. ఇక్కడో మాట చెప్పాలి. సాంచాల మధ్య పుట్టి పెరిగినవాళ్లం ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాం. పెళ్లిచూపులకు పైఊరి నుంచి వచ్చినవాళ్లు, ఈ ఇంట్లో ఏదో గొడవ నడుస్తోందనుకుంటారు. పొద్దున కార్ఖానాలో అయ్యేది మాత్రం అలాంటిది కాదు, నిజమైన తగువే. దాంతో ఒకడి పేరు 'మొండోడు' అని పడుతుంది, ఇంకొకడి పేరు 'నోరు మంచిది కాదు' అని. ఆ పేర్లు ఏళ్ల తరబడి అంటుకునే ఉంటాయి.

ఆ కార్మికుడికీ, ఆసామికీ రాత్రి ఎలా గడిచిందో చూడండి. వారం పగలు, వారం రాత్రి మారే చోట, రాత్రి షిఫ్టు మొదటి రోజు కార్మికుడు ఎప్పటిలాగే పొద్దున ఆరింటికి లేస్తాడు. పగలు నిద్రపోదామంటే అలవాటు లేదు, రేకుల ఇల్లు, మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ, వాకిట్లో పిల్లలు. ఏదో కాస్త నడుం వాల్చి రాత్రి పనికెక్కుతాడు. తెల్లవారి నాలుగింటికి అతను లేచి ఇరవై రెండు గంటలు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ఒక పరీక్ష చేశారు. పదిహేడు గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికీ కంటికీ పొత్తు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోయింది. ఇరవై నాలుగు గంటలకు అది 0.10 శాతానికి సమానమైంది. మన మోటారు వాహనాల చట్టం ఒప్పుకునేది 0.03 శాతం. అంటే షిఫ్టు దిగి బండి మీద తంగళ్లపల్లికో, ముస్తాబాద్‌కో పోతున్న ఆ కార్మికుణ్ణి పోలీసులు ఆపి గొట్టంలో ఊదమంటే అందులో ఏమీ కనిపించదు. అతని తల మాత్రం తాగినవాడి తలలాగే పనిచేస్తుంటుంది. అంతకుముందు అదే తలతో అతను ఆసామికి జవాబు చెప్పాడు, కూలి లెక్క ఒప్పుకున్నాడు.

ఆసామి కూడా హాయిగా పడుకుని లేచినవాడేం కాదు. నూలు సేటు దగ్గర తెచ్చినది, బట్ట ఇస్తేనే తీరేది. పడుగు బీము ఎప్పుడొస్తుందో తెలియదు. రాత్రి సాంచా పాడైతే దాన్ని బాగుచేసే జాపరును పిలవడానికి లేచేది అతనే. చాలామంది ఆసాములు నిన్నటి కార్మికులే, భీవండిలోనో సూరత్‌లోనో పనిచేసి నాలుగు సాంచాలు కొనుక్కున్నవాళ్లే. నిద్రలేని మనుషులిద్దరు, నిద్రకు అన్నిటికంటే దూరమైన గడియలో, డబ్బు గురించి తేల్చుకోవడానికి కూర్చుంటున్నారు. ఇందులో మంచిగా తెగేది ఏముంటుంది?

నిద్రకూ కోపానికీ ఉన్న సంబంధం ఇంటి ఇల్లాలికి ఎప్పటి నుంచో తెలుసు. శాస్త్రవేత్తలు దాన్ని కొలిచారు, అంతే. 2007లో అమెరికాలో మాథ్యూ వాకర్ బృందం, ముప్పై ఐదు గంటలు నిద్ర లేకుండా ఉంచినవాళ్లకు మనసు పాడుచేసే బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేసింది. భయాన్నీ కోపాన్నీ లేపే అమిగ్డలా అనే భాగం, నిద్రపోయి వచ్చినవాళ్లలో కంటే అరవై శాతం ఎక్కువగా ఎగిసిపడింది. దాన్ని అదుపులో ఉంచే ముందుభాగానికీ దానికీ మధ్య సంబంధం సడలిపోయింది. బర్కిలీలో ఎమీ గోర్డన్, సెరెనా చెన్ జంటల మీద చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. రాత్రి సరిగా నిద్రపోని మర్నాడు గొడవలు ఎక్కువయ్యాయి. ఇద్దరిలో ఒక్కరికి నిద్ర చెడినా సరే, రెండోవారు బాగా పడుకున్నా సరే, గొడవను సర్దుకునే శక్తి ఆ ఇంట్లో తగ్గింది. ఈ రెండో ముక్క కార్ఖానాకు కూడా పట్టుకెళ్లాల్సిందే. పగటి షిఫ్టువాడు ఎంత మంచివాడైనా, రాత్రి షిఫ్టువాడితో అతనికి పడదు.

ఇదంతా చదివి, కార్మికుల మీద కసురుకునే ప్రతి సేటూ పాపం నిద్రలేనివాడేనని మీరు అనుకోకండి. కడుపునిండా తిని, ఏసీ గదిలో తొమ్మిది గంటలు పడుకుని లేచి అరిచేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి వేరే ఉత్తరంలో చూసుకుందాం.

మరి ఎంత నిద్ర కావాలి? 2015లో అమెరికా నిద్ర వైద్యుల, పరిశోధకుల సంఘాలు రెండూ కలిసి, పెద్దవాళ్లకు రోజూ ఏడు గంటలకు తగ్గకూడదని చెప్పాయి. పిల్లల లెక్కను 2016లో వైద్యుల సంఘం చెప్పింది: బడి పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు, పదమూడు నుంచి పద్దెనిమిది ఏళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది. అందరికీ ఒక్క కొలత కాదు, ఒకరికి ఏడు సరిపోతే ఇంకొకరికి తొమ్మిది కావాలి. కానీ "నాకు నాలుగ్గంటలు చాలు" అని మా దగ్గర గొప్పగా చెప్పుకునేవాళ్ల మాట నమ్మడానికి లేదు. 2003లో వాన్ డొంగెన్, డింజెస్ బృందం కొందరిని రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చింది. చివరికి వాళ్ల పని, రాత్రంతా అసలు నిద్రపోనివాళ్ల పనిలాగే దిగజారింది. వాళ్లకు మాత్రం తాము బాగానే ఉన్నామనిపించింది. నిద్ర లేమి చేసే అసలు మోసం ఇదే. చెడింది తనకు తెలియదు, ఎదుటివాడు చెడ్డవాడిలా కనిపిస్తాడు.

పగటి నిద్ర రాత్రి నిద్రకు బదులు కాదన్నది ఇంకో చిక్కు. ఒంట్లో పొద్దును బట్టి నడిచే గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. వారం పగలు, వారం రాత్రి అని తిప్పితే ఆ గడియారం ఏ వారానికీ కుదురుకోదు. రాత్రి షిఫ్టును క్యాన్సర్‌కు బహుశా కారణం కాగల వాటిలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్లీ చూసి అక్కడే ఉంచింది.

నిద్ర పట్టనివాడు చేసే పని మీకు తెలియనిది కాదు. కల్లు కాంపౌండుకు పోతాడు. కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం కలిపి అమ్మడం మన రాష్ట్రంలో పాత జబ్బు. అవి నిద్ర మాత్రలే. ఒక్కరోజు దొరక్కపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పూర్తిగా పోతుంది, కోపం ఆగదు, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఎక్సైజ్ వాళ్లు కాంపౌండు మీద దాడి చేస్తారు, కేసు రాస్తారు. ఆ మనిషికి పగటి నిద్ర ఎందుకు కొనుక్కోవాల్సి వచ్చిందని ఎవరూ అడగరు.

ఇక కోరుట్ల. అక్కడ, మెట్‌పల్లిలో, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చేసే ఆడవాళ్లకు షిఫ్టు లేదు, కాబట్టి షిఫ్టు దిగడమూ లేదు. తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు కట్టాలి. లెక్క వెయ్యి బీడీలకు. వంట, పిల్లలు, పొలం పని మధ్య ఆ వెయ్యి తీరేసరికి రాత్రి పది దాటుతుంది. భర్త సౌదీలో ఉంటే రోజు అక్కడితో అయిపోదు. సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఓవర్‌టైం చేసి, రూముకొచ్చి, వండుకు తిని అతను ఫోన్ పట్టేసరికి అక్కడ పది, ఇక్కడ పన్నెండున్నర. ఆమె మెలకువగా ఉండాలి. ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే అక్కడ అనుమానం. మాట్లాడుతుంటే పక్క గదిలో అత్తకు మెలకువ. నల్లా తెల్లవారి ఐదింటికి వస్తుంది. నాలుగున్నర గంటలు కూడా పడుకోని కోడలికీ, సగం రాత్రి లేచి కూర్చున్న అత్తకూ పొద్దున పొయ్యి దగ్గర మాటామాటా వస్తే, వాడకట్టంతా దాన్ని అత్తాకోడళ్ల కత కిందే జమకడుతుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్ఖానాలో కూర్చుని చేసేవాళ్లకు పని గంటలు పెట్టింది. ఇంట్లో చేసేవాళ్ల గంటలను లెక్కపెట్టినవాళ్లు ఎవరూ లేరు.

సౌదీలో భర్త రూము కూడా అంతే. మంచం మీద మంచం. ఒకడు రాత్రి డ్యూటీ, ఒకడు పగలు. ఒకడు పడుకునే వేళకు ఇంకొకడు ఇంటికి వీడియో కాల్, స్పీకర్ పెట్టి. అటు దుబాయ్‌లో ఉన్నవాళ్ల సంగతి చూస్తే, ఎండాకాలం మూడు నెలలు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. మంచిదే. దాంతో చాలా సైట్లలో బస్సు తెల్లవారక ముందే వస్తుంది. తిరిగి వచ్చినవాళ్లను అడిగితే, అక్కడి పనికంటే రూములో ఒక మనిషితో పడకపోవడమే కష్టమైందని చాలామంది అంటారు. అలాంటి రూముల్లో బతికి బట్టకట్టినవాళ్లు చిన్న ఉపాయమొకటి చెబుతారు. గొడవపడ్డ మనిషితో ఆ రాత్రే తేల్చుకోకూడదు, శుక్రవారం దాకా ఆగాలి. చాలాచోట్ల శుక్రవారం సెలవు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా పడుకుంటారు, లేచి బిర్యానీ వండుకుంటారు. సగం తగువులు అప్పటికి ఎవరికీ గుర్తుండవు.

నాకు ఈ ఉపాయం చాలా నచ్చింది. కమిషనర్ గారూ, నేను మిమ్మల్ని అడిగేవాటిలో మొదటిది దీన్నే చట్టం చేయకుండా పద్ధతి చేయమని. సిరిసిల్లలో ఆసాములు, కార్మిక సంఘాలు, నూలు వ్యాపారులు కూలి ఒప్పందానికి కూర్చున్నప్పుడు మీ అధికారులు మధ్యవర్తులుగా ఉంటారు. ఆ ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించండి: షిఫ్టు మారే వేళ డ్యామేజీ లెక్క తేల్చకూడదు. బట్ట మీద గుర్తు పెట్టుకోవచ్చు, ఏ సాంచా అని రాసుకోవచ్చు. కోత ఎంతన్నది కూలి పంచే రోజు, పగటి పూట, ఇద్దరూ పడుకుని వచ్చాక మాట్లాడుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

పన్నెండు గంటల షిఫ్టును తగ్గించడానికి మాత్రం ఖర్చు ఉంది. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన మొట్టమొదటి ఒడంబడిక పని గంటల మీదే. రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది. 1946లో, వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా అంబేద్కర్ ఉన్నప్పుడు, ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన సవరణ వారానికి 54 గంటలను 48కి తెచ్చింది. అప్పుడు మా ఊళ్లు నిజాం రాజ్యంలో ఉన్నాయి కాబట్టి అది మా దాకా రాలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం వచ్చాక కూడా కరెంటుతో నడిచే చోట పదిమంది ఉంటేనే ఫ్యాక్టరీ. నలుగురైదుగురితో నడిచే ఆసామి షెడ్డు అందులోకి రాలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ పది ఇరవై అయింది. ఫ్యాక్టరీ అనే మాటకు మా సాంచాలు ఇంకాస్త దూరం జరిగాయి.

మూడు షిఫ్టులు, ఒక్కోటి ఎనిమిది గంటలు అని మీరు రేపే ఉత్తర్వు ఇస్తే ముందుగా వద్దనేది కార్మికుడే. దిగిన బట్టను బట్టి కూలి. గంటలు తగ్గితే కూలి తగ్గుతుంది. ఆసామికి మూడో మనిషి దొరకాలి. కాబట్టి ముందు రేటు పెరగాలి, ఆ తర్వాతే గంటలు తగ్గాలి. ఆ రేటు ఇవ్వగలిగిన కొనుగోలుదారు ఒకరున్నారు. అది మీ ప్రభుత్వమే.

2017లో బతుకమ్మ చీరలు మొదలైనప్పటి నుంచి సిరిసిల్లకు అన్నిటికంటే పెద్ద గిరాకీ సర్కారుదే. అప్పట్లో దాదాపు కోటి చీరలు, దసరా లోపు. దాంతోపాటు బడి పిల్లల యూనిఫాం బట్ట, 2025లో మహిళా సంఘాలకు ఇందిరమ్మ చీరలు. ఆర్డర్ ఎప్పుడు వస్తుందో తెలియదు, గడువు మాత్రం మారదు. ఆర్డర్ ఆలస్యమైన ప్రతి వారమూ సాంచాల కాడ రాత్రి నిద్రలోంచే తీస్తారు. 2024లో బతుకమ్మ చీరలు ఆగిపోయినప్పుడు పని లేక సాంచాలు నిలిచాయి. పని ఉంటే నిద్రపోనివ్వరు, లేకుంటే అప్పులు తలచుకుని నిద్ర పట్టదు. చేనేత, జౌళి శాఖ ఇచ్చే ఆర్డర్లలో బట్ట నాణ్యత మీద ఎన్నో షరతులు ఉంటాయి. పని గంటల మీద కూడా ఒక షరతు పెట్టించండి: ఈ బట్ట ఎనిమిది గంటల షిఫ్టులో దిగాలి, అందుకు తగ్గ రేటు ఇదీ అని. ఆర్డర్ సంక్రాంతి నాటికే ఖాయం చేస్తే ఆరేడు నెలలు నిదానంగా నేస్తారు. ముందు బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కులో కొన్ని షెడ్లలో చేసి చూడండి. డ్యామేజీ ఎంత తగ్గిందో ఆ బట్టే చెబుతుంది. ఆసాములు నా మాట నమ్మనక్కర్లేదు, మీటర్ల లెక్క నమ్ముతారు.

ఇళ్ల మధ్య సాంచాల మోత గురించి కూడా అడుగుదామనుకున్నాను. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. మా ఊళ్లో ఆ లెక్క తీస్తే ఊరే మూసేయాలి. మాకు మోత జోలపాట అయిపోయింది, కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం. అందుకని దాన్ని వదిలేస్తున్నాను. పగలు పడుకునేవాళ్ల కోసం మాత్రం ఒకటి అడుగుతాను. సాంచాల వాడల్లో ఒక్కో సామాజిక భవనాన్ని పగటి పూట చీకటిగా, చల్లగా, ఫోన్లు మోగకుండా ఉంచి, పాతిక మంచాలు వేయించండి. పెళ్లిళ్లు లేని రోజుల్లో అవి ఎలాగూ తాళం వేసే ఉంటాయి.

మా పెద్దవాళ్లలో కొందరికి ఇప్పటికీ చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన తర్వాత ఏ రాత్రి ఎవరు తలుపు తడతారో తెలియకుండా పడుకున్నవాళ్లు. వాళ్లకు పోయిన నిద్రను ఏ శాఖా తెచ్చివ్వలేదు. ఇప్పటివాళ్ల నిద్ర సంగతి అలా కాదు, అది ఆర్డర్ తేదీల్లో, కూలి రేట్లలో ఇరుక్కుని ఉంది.

ఈ విషయం మీద మీరు సిరిసిల్లలో సమావేశం పెడతారని ఆశిస్తున్నాను. పెడితే మామూలుగా పెట్టినట్టు పొద్దున పదకొండింటికి పెట్టకండి. అప్పుడు రాత్రి షిఫ్టువాళ్లు పడుకుని ఉంటారు. లేపుకొస్తే వాళ్లు మాట్లాడేది మీకు పొగరులా వినిపిస్తుంది. సాయంత్రం నాలుగింటికి పెట్టండి, అప్పటికి వాళ్లు లేచి, తిని, పనికెక్కకముందు ఖాళీగా ఉంటారు. పగటి షిఫ్టువాళ్లకు ఆ రెండు గంటల కూలి పోకుండా ఆసాములతో ముందే మాట్లాడించండి. కోరుట్ల బీడీ ఆడవాళ్లను పిలిచేట్టయితే మాత్రం నెలలో కూలి పంచే రోజు తప్ప ఏ రోజైనా సరే.

ఇట్లు,
సిరిసిల్ల వాసి ఒకరు